క్యారేజీకి అంటిన హారన్లు

సదానందం పొద్దున్నే పెద్దపల్లిలో పాలు పోసి సైకిల్ మీద ఇంటికి వచ్చేసరికి వెనక క్యారేజీ నిండా దారిలో బండ్లవాళ్లు కొట్టిన హారన్లు అంటుకుని ఉంటాయి. పల్లేరుకాయల్లా పట్టుకుంటాయి, ఒక పట్టాన ఊడవు. భార్య బాలలక్ష్మి చీపురు తిరగేసి కొడితే పీం పీం అంటూ వాకిట్లో రాలతాయి. ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కేవాళ్ల ఇళ్లన్నిటా ఉండే పనే ఇది. లారీ హారన్ బరువు. బస్సుది జిడ్డు, కడిగినా పోదు.

"ఏందయ్యా, ఇయ్యాల అన్నీ ఒక్క కారువే ఉన్నయి?"

"ఇంకెవ్వనియి? మన శ్యాంసుందర్‌వే. బ్రేకు మీద కాలు పెడితే అరిగిపోతదన్నట్టు జేస్తడు. నేనేమన్న ఆకాశంల తొక్కాల్నా?"

శ్యాంసుందర్ అతని అన్న కొడుకు. దుబాయి నుంచి వచ్చి కారు కొన్నాడు. సదానందం భయమంతా కూతురి బిడ్డ దీపిక గురించి. ఆ పిల్ల కూడా అదే రోడ్డున సైకిల్ మీద కాలేజీకి పోతుంది.

యాసంగి కోతలయ్యాక ఊరంతా వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తుంది. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతారు. అందరికంటే పెద్ద రాళ్లు సదానందానివి. పెళ్లిచూపులకు పోయినట్టు వాగంతా తిరిగి ఏరి తెచ్చుకున్నాడు.

ఆ రోజు అతను కాళ్లతో వడ్లు తిరగేస్తుండగా దీపిక బయలుదేరింది.

"ఓరకు తొక్కు బిడ్డా!"

"ఓరకు నీ వడ్లే ఉన్నయి గద తాతా!"

రాయిని తప్పించుకోవడానికి ఆ పిల్ల రోడ్డు నడుమకు తిప్పింది. వెనకే శ్యాంసుందర్ కారు. అలవాటుగా హారన్ నొక్కాడు. మోగలేదు. మళ్లీ నొక్కాడు. కొట్టినవి కొట్టినట్టే సైకిళ్లకు అంటుకుపోతుంటే కారులో ఎన్నని మిగులుతాయి? ఇక చేసేది లేక కాలు బ్రేకు మీదికి పోయింది. దీపిక వెనక చక్రానికి జానెడు దూరంలో కారు ఆగింది.

శ్యాంసుందర్ కారు దిగాడు. "చిన్నబాపూ, హారన్ అయిపోయింది," అన్నాడు, ఇంట్లో చక్కెర అయిపోయిందన్నట్టు. "మీ ఇంట్ల ఉంటే నాలుగియ్యరాదు?"

"మీ చిన్నవ్వ ఊడ్చి చెత్తబండిల ఏసింది. అసొంటియి ఎవ్వలన్న దాస్కుంటరార?"

"మరి గీ రాయి ఎవ్వలిది? ఇది లేకుంటే పిల్ల నడుమకెందుకొస్తది?"

సదానందం తిట్టడానికి నోరు తెరిచాడు. దీపిక ఒక కాలు నేలకు ఆనించి, ముఖం పాలిపోయి, అక్కడే నిలబడి ఉంది. ఆ పిల్లను చూసి తిట్టడం మానేసి, వంగి రాయిని పట్టుకుంటే కదల్లేదు.

"చూస్తవేందిర? ఓ దిక్కు పట్టు."

ఇద్దరూ రాళ్లను పక్క కాలువలోకి దొర్లించారు. సదానందం గొణుక్కుంటూ వడ్లను వెనక్కి లాగి, సైకిల్ పట్టేంత దారి చేశాడు. ఇంతలో బస్సొకటి వచ్చి గట్టిగా మోగించింది. ఆ హారన్ ఎగిరొచ్చి అతని వీపుకు అంటుకుంది.

"జర ఆగవయ్యా, పిల్లను పోనియ్!" అని శ్యాంసుందర్ చేతులు చాచి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు.

దీపిక ఓర నుంచే తొక్కుకుంటూ పోయింది.