నల్లరంగు కన్నాలు

జాలీలోంచి గాలి దూరేటప్పుడు ఎంత ఒత్తిడి పోతుందో లెక్కగట్టి, దానికి తగ్గ ఫ్యాను చెప్పడం రవిచంద్ర పని. కన్నాలు ఎంత తెరుచుకుని ఉంటే నష్టం అంత తక్కువ. చదువు కాకినాడలో, కొలువు జూబ్లీహిల్స్‌లో, గర్వం రెండుచోట్లా.

ఆ రోజుల్లో కంప్యూటర్ల మోజు ఫిల్మ్‌నగర్‌కూ పాకింది. నిర్మాత సూర్యప్రకాశరావు గారు తన స్టూడియో సెల్లార్‌లో గ్రాఫిక్స్ ఆఫీసు తెరిచి నలభై కంప్యూటర్లు పెట్టించారు. గాలి వచ్చే దారికి పాత సినిమా సెట్టులోని కోట జాలీ బిగించమన్నారు. పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. రవిచంద్ర కింద నిలబడే కన్నాలు లెక్కపెట్టుకున్నాడు. గాలి గొట్టాలు, అదే డక్టులు, బిగించే భిక్షం మాత్రం, ఒక్కసారి నిచ్చెనెక్కి చూడమన్నాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని ఇతను ఎక్కలేదు.

వారం తిరక్కుండానే సెల్లార్ కుంపటైంది. కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రావు గారు అందరిముందూ నిలదీసేసరికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, భిక్షం అతుకులు సరిగా వేయలేదనీ గాలంతా డక్టులోంచే కారిపోతోందనీ అనేశాడు రవిచంద్ర. ఇరవై ఏళ్ళుగా ఆ స్టూడియో పనులే చేస్తున్న మనిషిని రావు గారు ఆ పూటే పొమ్మన్నారు.

మర్నాడు అతుకులు చూద్దామని రవిచంద్ర నిచ్చెనెక్కి, జాలీలో వేలు పెట్టాడు. వేలు దూరలేదు. సగానికి పైగా కన్నాలు కన్నాలే కావు, ప్లాస్టర్ మీద పూసిన నల్లరంగు. కెమెరాకు కన్నంలా కనబడితే చాలునని సెట్టు వేసినవాళ్ళు పూశారు. అతని లెక్కంతా ఆ రంగు మీదే నిలబడింది.

తిన్నగా భిక్షం ఉండే షేక్‌పేట వెళ్ళి, తప్పు తనదేనని అతని ముందు ఒప్పుకున్నాడు. భిక్షం కోప్పడలేదు.

"గీడ నాకు చెప్తే ఏమొస్తది సార్? గాడ అందరి ముంగట అన్నరు. గాడనే చెప్పుర్రి."

చెబుతానన్నాడు రవిచంద్ర. ఆ మాట మీదే, పొమ్మన్న చోటికి భిక్షం అతని వెంట మళ్ళీ పనికి వచ్చాడు. ఒక్కో నల్లమచ్చనూ ఉలితో పొడిచి తెరిచాడు. మధ్యాహ్నానికి సెల్లార్ చల్లబడింది. రావు గారు దిగివచ్చి రవిచంద్ర భుజం తట్టారు.

"భిక్షం చేసిన కంగాళీని ఒక్కరోజులో సరిచేశావయ్యా."

కంప్యూటర్ల ముందున్న కుర్రాళ్ళంతా తలలు తిప్పారు. నిచ్చెన మీద భిక్షం ఉలి ఆపి చూస్తున్నాడు.

"అబ్బే, ఇందులో నా గొప్పేముందండీ," అన్నాడు రవిచంద్ర.

అది వినయమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు నాదేనని ఇంకొక్క మాట అంటే సరిపోయేది, అనలేదు. సిగ్గుతో చచ్చిపోతూనే చప్పట్లకు దణ్ణం పెట్టాడు. తలెత్తేసరికి భిక్షం ఉలి సంచిలో వేసుకుని మెట్లెక్కుతున్నాడు.