లిస్బన్ కోటలో ఆదివారం

"ఓదేత్, నువ్విక్కడ సంచుల దగ్గర కూర్చో. ఎలాగూ చూసిందేగా" అన్నాడు మా ఆయన అమదేవ్, పెద్ద చర్చి మెట్ల దగ్గర.

నేను చూళ్ళేదు. మేముండేది నదికి అవతల, అల్మాదాలో. రోజూ పొద్దున పడవ దిగి కళ్ళజోళ్ళ దుకాణానికి పరుగు, సాయంత్రం మళ్ళీ పడవకి పరుగు. నాకు తెలిసిన లిస్బన్ అంతే. పోర్తో నుంచి ఆయన చిన్ననాటి స్నేహితుడు రొజేరియో, అతని భార్య సెలెస్త్ వచ్చారు కాబట్టి ఈ ఆదివారం మేమూ ఊరు చూస్తున్నాం. అంటే, వాళ్ళు చూస్తున్నారు. తెల్లారకముందే లేచి ఎండుచేప ఉండలు వేయించింది నేను, వాటిని మోస్తున్నదీ నేనే. ఎండెక్కేసరికి అందరి కోట్లూ నా చేతిమీదకొచ్చాయి. ఫోటో తీయమని ఫోన్లు కూడా. "తనకి ఫోటోలు దిగడం ఇష్టముండదులే" అని ఆయనే చెప్పేశాడు. నాకేవి ఇష్టం లేదో ఆయన నలుగురిలో చెబుతుంటే నాకూ అప్పుడే తెలుస్తుంటుంది. పెళ్ళైన కొత్తలో నా చేతి సూప్ రుచి చూసి అత్తగారు, "పరవాలేదు, మావాడికి ఆకలెక్కువ, ఏదైనా తినేస్తాడు" అంటే నవ్వేశాను. ఆ నవ్వు ఇప్పటిదాకా మొహం మీంచి దిగలేదు.

కోటలో గోడవారన కూర్చుని భోంచేస్తున్నాం. కింద ఎర్రపెంకుల ఇళ్ళు, నది. అమదేవ్ రొజేరియోకి వైన్ పోస్తూ, "వచ్చే నెల నుంచి అమ్మ మా దగ్గరేరా. కాలు జారి పడ్డప్పట్నుంచీ ఒంటరిగా వదలబుద్ధి కావడంలేదు. ఓదేత్ పని మానేస్తోంది" అన్నాడు.

"అదృష్టవంతుడివిరా! ఈ రోజుల్లో ఎవరు చేస్తారిలా?" రొజేరియో నాకేసి గ్లాసెత్తాడు.

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఎవరు మానేస్తున్నారు?"

"నువ్వే. ఆమధ్య అనుకున్నాంగా."

"ఎవరితో అనుకున్నావు?"

"అబ్బబ్బ, మొదలెట్టకు. కళ్ళజోళ్ళు తుడిచే పనికి ఇంత గొడవా?"

కళ్ళజోళ్ళు తుడిచే పని. మొదటిసారి అద్దాలు పెట్టుకున్న పిల్ల వీధి చివరి బోర్డు గట్టిగా చదివి గెంతుతుంది. పెద్దవాళ్ళు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఇది నాకు నప్పిందా అమ్మా? మీరేమంటారు?" అనడుగుతారు. నన్ను అడుగుతారు. రోజు మొత్తంలో ఎవరైనా నన్నో మాట అడిగేది అక్కడే.

సెలెస్త్ తినడం ఆపేసి నన్నే చూస్తోంది. అమదేవ్ గొంతు తగ్గించాడు. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో నువ్వొక్కడివే మాట్లాడతావు. ఇక్కడే కానీ."

ఎవోరాలో ఉన్న అత్తగారికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టాను.

"అత్తయ్యా, మీరు వచ్చే నెల మా ఇంటికొచ్చేస్తున్నారట కదా."

"ఎవరూ, నేనా?" వెనకాల కోళ్ళ గోల. "నా ఇల్లూ వాకిలీ వదిలేసి మీ అగ్గిపెట్టెలోకా? కాలు ఎప్పుడో బాగైపోయింది. ఇది నీ ఆలోచనేనా?"

"కాదు, మీ అబ్బాయిది. నన్ను పని కూడా మానేయమంటున్నాడు."

అటువైపు ఆవిడ కోళ్ళని అదిలించింది.

"నిన్నడిగాడా?"

"లేదత్తయ్యా."

"నన్నూ అడగలేదు." ఆవిడ గొంతులో ఏదో మారింది. "ఇదిగో ఓదేత్, నువ్వు మాత్రం పని మానకు. మానావంటే వాడు నిజంగానే నన్నక్కడికి లాక్కొచ్చేస్తాడు. ఏడీ, వాడికియ్యి."

ఫోన్ అమదేవ్ చేతిలో పెట్టాను. రొజేరియో నదికేసి తిరిగిపోయాడు. సెలెస్త్ చప్పుడు చేయకుండా సీసా నా వైపు జరిపింది. పోసుకున్నాను.

ఆయన ఫోన్ చెవికి ఎంత దూరంగా పెట్టుకున్నా ఆవిడ మాటలు స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యమధ్యలో ఆయన, "అది కాదమ్మా... ముందు నా మాట విను..." అంటున్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాటలు ఎప్పుడూ నావే.