మృతురాలని వ్రాసిన పేరు

"ఆ యాసుపత్రి జీపు మన వీధికిఁగూడ వచ్చునా యమ్మీ? వచ్చినచో మన గతి యేమి?" అని సన్యాసమ్మ బియ్యము చెఱుగుచు నాల్గవమాఱు అడిగెను.

"రాకముందే చచ్చుచున్నావు గదే యమ్మా! వచ్చిననాఁడు చూచుకొందములే" అని కూఁతురు పైడితల్లి నవ్వి సంచి భుజమున వేసికొని వెడలెను.

ఆషాఢమేఘములు కాటుకగుట్టలవలె దిగంతములఁ గప్పియుండఁగా పెద్దరోడ్డుపై లారీలు బురద చిమ్ముచు బారులుదీఱి మజిలీ చేరుచుండెను. ఒకనాఁడు ఆ మజిలీయందే దేహము నమ్ముకొని పొట్టపోసికొని హెచ్.ఐ.వి. యను క్రిమిని నెత్తుటఁ దెచ్చుకొనిన పైడితల్లి ఆఱేండ్లుగా ధర్మాసుపత్రివా రిచ్చు బిళ్లలచే ప్రాణము నిలుపుకొని తనవంటి యాఁడువారికి ఆ క్రిమి యంటనీయని తొడుగులు పంచి వారిని రక్తపరీక్షకుఁ దోడ్కొనిపోవు కొలువున నుండెను. వీధిలో నీ సంగతి యెఱిఁగినవారు లేరు. మందుసీసాపై కాగితమును గోటితో గీకివైచి మెంతులడబ్బాలో దాఁచుట సన్యాసమ్మకు నెలనెలా పని.

మందు మానినవారి జాడ తెలియుటకై రోగులందఱి యిండ్లను చూచి రావలయునని యెక్కడో నగరమునఁ గూర్చుండిన పెద్దలు మంచితలంపుతోనే యుత్తరువు చేసిరి. ఆ రోగమునకు గుర్తగు ఎఱ్ఱరిబ్బను వ్రాసిన జీపు ఇఱుకువీధిలో నిలిచినచో ఏ తల్లి గుండె యెట్లు కొట్టుకొనునో ఆ యుత్తరువున వ్రాయలేదు.

ఆ మధ్యాహ్నమే జీపు వచ్చెను. ఇరుగుపొరుగుల తలుపులు తెఱచుకొనకముందే సన్యాసమ్మ చేట పాఱవైచి యెదురు పరుగెత్తెను.

"పైడితల్లి యిల్లెక్కడ మామ్మా?" అని లోపలి యుద్యోగి యడిగెను.

"లేదు బాబూ. పొండు."

"ఊరు విడిచినదా?"

ఎదురింట గడియ చప్పుడయ్యెను. "చచ్చిపోయినది బాబూ" అని యామె నోరు పలికెను. అతఁడు అయ్యో యని వ్రాసికొని బండి మఱలించెను. ఆమె పెరటిలోనికిఁ బోయి మూఁడుమాఱు లుమ్మివైచి పసుపునీళ్లతో నోరు పుక్కిలించినను ఆ మాటచేఁదు విడువలేదు. కూఁతునకుఁ జెప్పనూ లేదు.

పదిదినములకు పైడితల్లి వానలోఁ దడిసి వట్టిచేతులతో వచ్చెను.

"వింటివా యమ్మా! ఆసుపత్రి పుస్తకములో నేను చచ్చితినఁట! నన్నుఁ జూచి గుమాస్తా దయ్యమును జూచినట్లు జడిసెను. ఇంటివారు వచ్చి కాదని చెప్పినఁగాని బిళ్లలీయరఁట. ఉన్నవి రేపటికే. ఆ మాట చెప్పినవారి నోరు పడిపోను!"

"నేనేనమ్మా" అనెను సన్యాసమ్మ.

పైడితల్లి తలతుడుచుకొనుట మానెను. పెట్టిన యన్నము ముట్టలేదు. గోడవైపు తిరిగి పరుండెను.

మఱునాఁడు ఉదయము ఆసుపత్రి వసారాలో జనము క్రిక్కిఱిసియుండెను. ప్రక్కవరుసలో మోకాళ్లమందునకై నిలిచిన యెదురింటి యప్పలనరసమ్మ "ఏమే సన్యాసీ, నలుగురును తప్పుకొనిపోవు కిటికీయొద్ద నీకేమి పనే?" అని కేకవైచెను. నలుగురును తిరిగి చూచిరి.

గుమాస్తా తలయెత్తక "ఈ పైడితల్లి నీకేమగును మామ్మా? గట్టిగాఁ జెప్పుము" అనెను.

సన్యాసమ్మ ప్రక్కవరుసవంకఁ జూచి కొంగు తలపైకి లాగుకొనెను. ఈ సంగతి వీధికెక్కినచో నీళ్లకొళాయియొద్ద తమ బిందెను ఎడముగా నెట్టుదురు, ఇంటి యజమాని సామాను బయట వేయును, దారిన బిడ్డపై రాళ్లు పడును. రేకులపై వాన మ్రోగుచుండెను. పైడితల్లి తల్లి చేయి పట్టుకొనలేదు, చెప్పుమనియు ననలేదు, నేలవంకఁ జూచుచు నిలిచెను. గుమాస్తా మఱియొకమాఱు అడిగి విసిగి పుస్తకము మూసెను. వెనుకనున్నవారు త్రోయసాగిరి.

అప్పుడు సన్యాసమ్మ కిటికీచువ్వలు రెండుచేతులఁ బట్టుకొని వసారాయంతయు వినునట్లు పలికెను: "నా కడుపునఁ బుట్టిన బిడ్డ బాబూ. ఆ మందు దానికే. ఇమ్ము."