జీతం లేని మనిషి

చీపురుపల్లి దగ్గర జగన్నాధానికి కొంత పల్లం, కొంత మెట్ట ఉన్నాయి. ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. కోర్టు గుమ్మం తొక్కకుండానే బతుకు వెళ్లిపోతుందనుకున్నాడు. టౌనులో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో అతని భార్య లక్ష్మీనరసమ్మకు గర్భసంచి తీశాక ఆ అంచనా తప్పింది.

ఆపరేషనయిన దగ్గర్నుంచి ఆమెకు కడుపులో ఒకటే పోటు. వెళ్లినప్పుడల్లా డాక్టరు గ్యాసన్నాడు, మాత్రలిచ్చి పంపాడు. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైపోయింది. చివరికి విశాఖపట్నంలో మళ్లీ కోస్తే, లోపల మరిచిపోయిన గాజుగుడ్డ బయటపడింది. పేగు కొంత తీసేయాల్సి వచ్చింది.

విశాలి అనే లాయరమ్మ ధైర్యం చెప్పి, విజయనగరం వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయించింది. నోటీసు అందగానే ఆసుపత్రి మేనేజరు కారులో ఇంటికొచ్చాడు. డబ్బిస్తాం, కేసు వెనక్కి తీసుకోండి, ఈ సంగతి ఎక్కడా ఎత్తమని సంతకం పెట్టండి అన్నాడు.

జగన్నాధం మనసు అటే మొగ్గింది. "తీసుకుందామే. పెద్దోళ్లతో మనకేటి?" అన్నాడు మెల్లగా.

గోడకు చేరబడి కూర్చున్న నరసమ్మ తలెత్తింది. "కడుపు కుట్టినోళ్లు ఇప్పుడు నోరు కుట్టడానికొచ్చినారేటి మావా?"

ఇచ్చిన టీ ముట్టకుండానే మేనేజరు లేచిపోయాడు.

వాదనల రోజు వచ్చింది. ఆసుపత్రి లాయరు మోహనకృష్ణ తెలివైనవాడు. తప్పు గురించి ముక్తసరిగా మాట్లాడి, పరిహారం దగ్గర పట్టు బిగించాడు.

"ఈమె గృహిణి. ఆదాయం లేదు. పరిహారానికి ఓ హద్దుండాలి సార్. అడిగినంతా ఇప్పిస్తూ పోతే చిన్న ఊళ్లలో ఆసుపత్రి నడిపేవాడు మిగలడు."

జగన్నాధానికి అదీ నిజమే కదా అనిపించింది. అంతలో పక్కన నరసమ్మ లేచి నిలబడింది. మాట్లాడొచ్చా అని అడిగింది. కమిషన్ అధ్యక్షుడు తలూపాడు.

"ఆసుపత్రి మూసీమని నానెప్పుడన్నాను బాబూ? ఉండాల. రేపు మా కూతురు యమున పురిటికి అక్కడికే ఎల్తాది. హద్దు పెట్టాలంటన్నారు. నా నొప్పికి ఏ హద్దూ నేకపోయింది కదా! జీతం నేదన్నారు. నిజివే. నాను మంచాన పడ్డ ఏడాది, నా పనికి ఎంతమందిని పెట్టినాడో మా ఆయన్ని అడగండి."

అందరూ జగన్నాధం వైపు తిరిగారు. అతను భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకుని లేచాడు.

"ఊడుపులకి ఇద్దరు, గొడ్లకొకడు. వంటకి మా సెల్లి వచ్చినాదండి. అయినా ఇల్లు ఇల్లులా నేదండి."

తిరుగు బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటిచ్చి, దారంతా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచుకుందీ మనిషి అనుకున్నాడు.

తీర్పులో అడిగినంతా రాలేదు. కానీ ఇంటి పనికీ పొలం పనికీ విలువ కట్టాల్సిందేననీ, జీతం లేదని పరిహారం తగ్గించడం కుదరదనీ రాశారు. ఆసుపత్రి డబ్బు కట్టింది. మూతపడనూ లేదు.

సంతలో బావమరిది సూరయ్య ఎదురొచ్చి, "ఎంతొచ్చినాది బావా?" అని అడిగాడు.

"అది తర్వాత సెప్తాను గానీ, కోర్టులో మీ అక్క ఏటి మాటాడినాదో ముందు ఇను" అంటూ జగన్నాధం అతన్ని టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టాడు. ఇంకో నలుగురు చుట్టూ చేరేదాకా ఆగి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.