బల్ల మీద ఒక్క డబ్బా

నల్లని గింజలు ఇత్తడి పళ్ళెంలో రాలుతున్న చప్పుడు.

సర్ర్... సర్ర్...

గడ్డి మీద గాలి వెళ్ళినట్టుంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, తూకం సరిగ్గా పడిందో లేదో ఆర్లిస్ చెప్పేస్తుంది. ఆమెకు డెబ్బై ఒక్కేళ్ళు. అందులో యాభై ఏళ్ళు ఈ చప్పుడు పక్కనే గడిచాయి.

మొన్న బుధవారం కూడా విన్నది. ఒకటి, రెండు, మూడు... అరవై దాకా లెక్కపెడుతూ విన్నది.

అరవై తూటాలు. చెల్లెలు నోరీన్ కోసం.

నోరీన్ తుపాకి పోటీల్లో కాలుస్తుంది. వెయ్యి గజాల అవతల బండి చక్రమంత నల్లటి గురి. దాని నడిమధ్య కొట్టాలి. తుపాకి మందు చిటికెడు ఎక్కువైతే గుండు జానెడు పైకి పోతుంది. అందుకే ఈ లోయలో ఎవరూ కొట్లో అమ్మే తూటాలను నమ్మరు. ఇంట్లోనే నింపుకుంటారు. వాడిన ఇత్తడి తొడుగులు కడిగి, మందు తూచి పోసి, పైన గుండు బిగించి... అప్పడాలు ఒత్తినట్టు, ఒకదానికొకటి తేడా రాకుండా.

లోయ మొత్తానికి బాగా నింపేది ఆర్లిస్. ఆ మాట ఆర్లిసే చెబుతుంది. కాదన్నవాళ్ళు లేరు.

"మా అక్క నింపిందంటే కళ్ళు మూసుకుని కొట్టొచ్చు" అంటుంది నోరీన్.

ఈ పొద్దున కూడా అంది. రొట్టె మీద జామ్ రాసుకుంటూ, ఎందుకో కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

ఇప్పుడు తొమ్మిదైంది. నోరీన్ పోటీకి వెళ్ళి గంట దాటింది. గరాజులో ఆర్లిస్ చేతిలో చిన్న తుపాకులకు వాడే మందు డబ్బా ఉంది.

డబ్బా తేలిగ్గా ఉంది.

ఉండాల్సిన దానికంటే తేలిగ్గా ఉంది.

*

నిరుడు ఆకులు రాలే రోజుల నుంచీ ఆమె చూపు మధ్యలో ఒక మచ్చ.

బూడిదరంగు మచ్చ. దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది. అంకెను చూస్తే అంకె ఉండదు. మనిషిని చూస్తే చెవులుంటాయి, ముఖం ఉండదు.

చూడాలంటే పక్కకు చూడాలి.

ఆ విద్య తనంతట తానే నేర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. నోరీన్‌కు అసలే చెప్పలేదు. మోకాలి నొప్పి అని వంక పెట్టి కారు నడపడం మానేసింది. మోకాలు నిక్షేపంగా ఉంది.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తుపాకి పట్టడం ఎప్పుడో పోయింది. మొగుడు పోయాడు. మిగిలింది ఈ బల్ల, ఈ త్రాసు, ఈ చప్పుడు. చెబితే ఇవి కూడా పోతాయి.

అందుకే చెప్పలేదు.

ఇప్పుడు భూతద్దం పట్టుకుని, తల పక్కకు తిప్పి, డబ్బా మూత మీది అంకెను చదివింది. పని అయ్యాక ప్రతిసారీ డబ్బాలో ఎంత మిగిలిందో మూత మీద రాయడం ఆమె అలవాటు. డబ్బాను త్రాసులో పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

పది రోజుల క్రితం పొరుగు రైతు ఇరవై తూటాలు నింపి పెట్టమన్నాడు. పొలం తవ్వేసే నేల ఉడతల కోసం, అతని చిన్న తుపాకికి. ఆ ఇరవై తీసేశాక ఎంత మిగలాలో అంత లేదు.

మిగతా మందు ఏది?

నేల మీద లేదు. బల్ల కింద లేదు.

కళ్ళు లాగుతున్నాయని ఆ ఉడతల తూటాల రోజు పని మధ్యలో లేచింది, మూత మీద అంకె కూడా రాయలేదు. పళ్ళెంలోకి మందు రాల్చే గరాటులో మిగిలినదాన్ని డబ్బాలోకి తిరిగి పోయాలి.

పోసిందా?

పోసినట్టు గుర్తు లేదు.

*

"బల్ల మీద ఒక్క డబ్బా. రెండోది కనిపించిందంటే చేతులు విరగ్గొడతా" అనేవాడు నాన్న.

యాభై ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ మాట దాటలేదు. బుధవారం కూడా బల్ల మీద ఒక్కటే ఉంది, నోరీన్ పెద్ద తుపాకికి వాడే మందు డబ్బా. కానీ గరాటు అడుగున చిన్న తుపాకి మందు ఉండిపోయింది. గరాటు గురించి నాన్న ఏమీ చెప్పలేదు.

దాని మీదే పెద్ద మందు పోసింది.

రెండూ నల్లటివే. రెండూ పొట్టి పుల్లముక్కల్లాంటివే. చిన్నదాని గింజ కాస్త పొట్టిగా ఉంటుంది, అంతే తేడా. కళ్ళున్నవాళ్ళకు తెలుస్తుంది.

ప్రతి తూటానూ తూచింది. ప్రతిదీ సరిపోయింది.

త్రాసు బరువే చెబుతుంది. ఏ మందో చెప్పదు.

చిన్న మందు తొందరగా మండుతుంది. పెద్ద తొడుగులో అంత బరువు పోసి పేలిస్తే తుపాకి తట్టుకోదు. ఇనుము వెనక్కి పగులుతుంది. వెనక అంటే చెంప ఆనించే చోటు. కన్ను పెట్టే చోటు. నోరీన్ చెంప. నోరీన్ కన్ను.

కనబడని మందు ఎన్ని తూటాలకు సరిపోతుందో వేళ్ళ మీద లెక్క వేసింది. మళ్ళీ వేసింది.

ఏడు.

గరాటు అడుగున ఉన్నది ముందు రాలుతుంది. అంటే పెట్టెలో మొదటి ఏడు. ఎప్పుడూ ఎడమ చివర నుంచే తీస్తుంది నోరీన్. మొదటి వరుస నుంచే తీస్తుంది.

*

ఫోన్ చేసింది. నోరీన్ ఫోన్ వంటింట్లోనే మోగింది.

కాల్పుల మైదానం దగ్గరి గుడిసెకు చేసింది. మోగింది, మోగింది... అక్కడందరి చెవుల్లోనూ బిరడాలే. ఎవరికి వినబడుతుంది?

పొరుగు రైతు పశువులతో కొండ మీదికి వెళ్ళాడు. షెరీఫ్ పోలీసు ఆఫీసుకు చేస్తే మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి కనుమకు అవతల ఉన్నాడట, గంట పడుతుందట.

పదింటికి నోరీన్ జట్టు గురి ముందు బోర్లా పడుకుని కాల్పులు మొదలుపెడుతుంది.

గోడకున్న తాళం చెవులు తీసుకుంది. ఏడు నెలలుగా ముట్టని తాళం చెవులు.

ఇరవై ఎనిమిది మైళ్ళు.

రోడ్డును సూటిగా చూస్తే రోడ్డు లేదు. తల ఎడమకు తిప్పితే కుడివైపు తెల్లగీత వచ్చింది. ఆ గీతే దారి. ఆ గీతను పట్టుకుని పోయింది. కంచెలు పోయాయి. ఏరు పోయింది. ఏటి గట్టున చెట్లు పోయాయి. కంచె గుంజ మీద పసుపు రొమ్ము పిట్ట కూసింది. అది పిట్టేనని చెవి చెప్పింది.

గడ్డి మోపుల లారీ ఒకటి బూరా మోగిస్తూ ఎదురొచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. ఒరుసుకుంటూ పోయింది. లారీ డ్రైవర్ తిట్టిన తిట్టు కిటికీలోంచి వినబడింది. న్యాయమైన తిట్టే.

ఎవరినైనా గుద్దితే? ఎవరి బిడ్డనైనా?

ఆపాలి. ఆపకూడదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి... మధ్యలో తెల్లగీత.

దేవుడా, గాలి లేవనీ. నోరీన్ ఎప్పుడూ అందరికంటే ఆలస్యంగా మొదటి గుండు కొడుతుంది. గాలి జెండాల తీరు చూశాకే వేలు కదుపుతుంది. గాలి లేవనీ. అటూ ఇటూ తిరగనీ. ఆ గాలి తీరు నోరీన్‌కు అర్థం కాకుండా పోనీ.

మలుపులో కంటి కొసన ఏదో పచ్చగా మెరిసింది. క్లెమ్ ఇంటి ముందు గడ్డి.

క్లెమ్ పోటీలు నడిపే పెద్దమనిషి. అతను కూడా తూటాలు నింపుతాడు. నలభై ఏళ్ళుగా ఆర్లిస్ తరవాతే అతని పేరు. ఈ ఏడాది అతని గడ్డి కళ్ళు చెదిరేలా ఉంది. ఈస్టర్ నాడు చర్చి మెట్ల మీద ఆర్లిసే ఎత్తిపొడిచింది.

"నీ తూటాలకంటే నీ గడ్డి నయం క్లెమ్. పెట్టినచోట ఉంటుంది."

అందరూ నవ్వారు. క్లెమ్ నవ్వలేదు. పాడైన మందును ఇక్కడ ఎవరూ పారేయరు. గడ్డి మీద చల్లుతారు. వానకు కరిగి ఎరువవుతుంది.

"ఎంత మందు పాడుచేశావయ్యా?" అని కూడా అడిగింది.

చాలానే, అన్నాడు.

*

మైదానం గేటు దగ్గరే మొదటి పేలుడు వినబడింది.

ఆర్లిస్ చెవి ఒగ్గింది. తుపాకి చప్పుడే. పగిలిన చప్పుడు కాదు.

ఇంకొకటి. ఇంకొకటి.

కారు తలుపు వేయలేదు. పరిగెత్తింది. డెబ్బై ఒక్కేళ్ళ కాళ్ళు పరిగెత్తాయి. ముందు నలభై మంది బోర్లా పడుకుని ఉన్నారు. ఎవరు నోరీన్? పసుపు టోపీ. పసుపు టోపీ కోసం చూసింది. చూసినచోట ఎవరూ లేరు. పక్కకు చూసింది. ఉంది, ఏడో చాప మీద. తుపాకి భుజానికి ఉంది. చెంప ఆనించి ఉంది. మళ్ళీ సూటిగా చూసింది. లేదు.

ఈ మైదానంలో ఒక కట్టడి ఉంది. ఆపమని ఎవరు అరిచినా అందరూ ఆపాలి. పిల్ల అరిచినా, పిచ్చివాడు అరిచినా. ఆపాక ఎందుకని అడుగుతారు. కారణం నలుగురి ముందూ చెప్పాలి.

యాభై ఏళ్ళ పేరు అడ్డం వచ్చింది. ఒక్క క్షణమే.

"ఆపండి! కాల్పులు ఆపండి!"

గాలి ఆ మాటను ఎగరేసుకుపోయింది. మళ్ళీ అరిచింది. గొంతు చీరుకుపోయేలా అరిచింది.

క్లెమ్ చెయ్యెత్తాడు. ఈల వేశాడు. ఒకదాని తరవాత ఒకటి తుపాకుల గడియలు తెరుచుకున్నాయి. తుపాకులు కిందికి దిగాయి. నోరీన్ ఇంకా ఒక్క గుండూ కొట్టలేదు. తెరిచిన తుపాకిలోంచి తూటా చాప మీద పడింది.

ఆర్లిస్ ఆ తూటా వైపు వేలు చూపింది.

"నా తప్పు. మందు కలిసిపోయింది. మొదటి ఏడూ... ముట్టుకోవద్దు. ఏడు తూటాలే, ముట్టుకోవద్దు" అంది. "నాకు కళ్ళు కనబడవు" అని కూడా అంది. అందరూ విన్నారు.



నోరీన్ లేచి వచ్చింది. ముఖం ఎర్రబడింది. "ఈ కళ్ళేసుకుని కారు నడిపావా? బుద్ధుందా అక్కా నీకు?"

"నా కళ్ళ సంగతి ముందే... నీకెవరు చెప్పారే?"

"నువ్వు నా ముఖంకేసి చూడ్డం మానేసి ఏడు నెలలైంది. ఒకళ్ళు చెప్పాలా?"

ఆర్లిస్ పెట్టె వైపు చెయ్యి చాపింది. "సరే, తిట్టుకో. ముందు ఆ ఏడూ తీసి ఇటివ్వు."

నోరీన్ కదల్లేదు. క్లెమ్ వంక చూసింది. క్లెమ్ నేల చూపులు చూశాడు.

"అవి ఇక్కడ లేవు, ఆర్లిస్" అన్నాడు. "మా గడ్డిలో ఉన్నాయి."

*

అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఆమె నింపిన ప్రతి తూటానూ నోరీన్ క్లెమ్ దగ్గరికి తీసుకెళ్ళింది. క్లెమ్ గుండు ఊడబీకి, మందు ఒంపేసి, అవే తొడుగుల్లో తన మందు పోసి, మళ్ళీ బిగించాడు. అదే పెట్టెలో, అదే వరుసలో సర్దాడు.

"ఎప్పట్నించి?"

"క్రిస్మస్ నుంచి."

"అన్నీనా?"

"అన్నీ."

చలికాలం నుంచీ నోరీన్ ఎన్నడూ లేనంత బాగా కొడుతోంది. మూడు పోటీలు గెలిచింది. ఆ మూడింటి గురించీ ఆర్లిస్ ఊరంతా చెప్పుకుంది. పోటీ నుంచి తిరిగొచ్చిన తొడుగుల వాసన వేరుగా ఉండేది. చలి కదా అనుకుంది.

"మొదటివి నువ్వన్నట్టే ఏడు" అన్నాడు క్లెమ్ మెల్లగా. "గింజ పొట్టిగా ఉంది. నిన్న సాయంత్రం నోరీన్‌కు చెప్పాను."

ఏడు. లెక్క తప్పలేదు. ఆ మాటకు లోపల ఎక్కడో సంతోషం కదిలింది. ఆ సంతోషానికి ఆమె సిగ్గుపడింది.

అంటే ఈ పొద్దున జామ్ రాసుకుంటూ కళ్ళు మూసుకుని కొట్టొచ్చు అన్నప్పుడు నోరీన్‌కు తెలుసు.

చెల్లెలు బతికి ఉంది. ఎదురుగా నిలబడి ఉంది. ఇంతకంటే ఏం కావాలి? అడిగింది అదే కదా, దారి పొడవునా దేవుణ్ణి అడిగింది అదే కదా!

అయినా ఏడుపు ఆగలేదు. అది దేనికో ఆమెకే తెలియదు.

*

నోరీన్ పోటీ వదిలేసి, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడిపింది. ఏరు పోయింది. కంచెలు పోయాయి. మలుపు వచ్చింది.

"ఆపు" అంది ఆర్లిస్.

దిగింది. క్లెమ్ ఇంటి ముందు గడ్డిలోకి నడిచింది. సూటిగా చూస్తే నేల మధ్యలో బూడిదరంగు గుంట. పక్కకు చూస్తే పచ్చదనం. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమింది. చిక్కగా ఉంది. ఈ లోయలో ఇంత చిక్కటి గడ్డి ఇంకెక్కడా లేదు.

"అక్కా, పద" అంది నోరీన్ వెనక నుంచి. "అక్కా... ఏదైనా అను."

కొండ మీంచి గాలి దిగింది. గడ్డి మీదుగా వెళ్ళింది.

సర్ర్... సర్ర్...

ఆమె కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు... అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.