పోయిన సైకిలు

"తాళం సరిగ్గా వేసి ఉండవు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయే మనిషివి, సైకిలు గుర్తుంటాదా నీకు?" అన్నాడు సునీల్‌కుమార్, చపాతీతో కూర కలుపుకుంటూ.

కరుణశ్రీ పెనం మీద చపాతీ తిప్పుతూ, సైకిలు పోయిన రోజు యూనివర్సిటీ స్టాండులో దాన్ని పెట్టిన క్షణాన్ని మళ్ళీ తలచుకుంది. గొలుసు చుట్టింది, తాళం నొక్కింది, ఒకసారి లాగి కూడా చూసింది. అయినా పది రోజులుగా భర్తా, అత్త పోలమ్మా అదే మాట అంటుంటే, తన చేతుల మీద తనకే అనుమానం పుట్టింది.

రైల్వే కాలనీ నుంచి ఆమె పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీకి సైకిలు మీద ఇరవై నిమిషాల దారి. నాలుగున్నరకు లేచి, మూడు క్యారియర్లు కట్టి, అత్తకు మాత్రలిచ్చి, లైబ్రరీకి చేరాక "మేడమ్, చాయ్ చెప్పండి" అనే మగ ఉద్యోగులకు చాయ్ చెప్పే ఆ రోజులో, ఎవరూ ఏదీ అడగని సమయం ఆ ఇరవై నిమిషాలే. ఆ దారిలో ఆమె ఎవరి భార్యా కాదు, కోడలూ కాదు. బొబ్బిలిలో పదో తరగతి దాకా తొక్కిన కాళ్ళు ముప్పై తొమ్మిదో ఏట, ఈ హిందీ మాట్లాడే ఊళ్ళో, మళ్ళీ తొక్కుతున్నాయి, అంతే. చీర కుచ్చిళ్ళు గొలుసులో పడకుండా క్లిప్పు పెట్టుకోవడం, సైన్సు బ్లాకు మలుపులో మోటారు సైకిళ్ళు దూసుకొస్తాయని ముందే బెల్లు కొట్టడం, వాన పడితే స్పీడు బ్రేకరు దగ్గర దిగి నడిపించడం, అన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంది.

పోలమ్మకు అది కంటగింపు. "ఏటమ్మా ఈ వయసులో ఈ తొక్కుడు? ఆదివారం చర్చిలో అందరూ నన్నే అడుగుతున్నారు." సునీల్‌కుమార్‌ది వేరే బాధ. "మా సెక్షన్‌లో ఎవరి భార్యా సైకిలు మీద రాదు. నేను దింపుతాను కదా."

స్టాండు దగ్గర గార్డు డ్యూటీ చేసే హుంగే మాత్రం తొలిరోజే నవ్వింది. తెలుగు సరిహద్దులోని మరైగూడ నుంచి వచ్చిన మనిషి, చెల్లెలి పిల్లలిద్దరిని చదివిస్తోంది. "ఏంది మేడమ్, ముందు చక్రానికి తాళమేస్తే ఏం లాభం? చక్రం ఇడిసి బండి ఎత్కపోతరు. ఎనక చక్రం, ఫ్రేము, ఈ ఇనప రాడు, మూడూ కలిపి ఎయ్యాలె" అని తనే వంగి గొలుసు చుట్టి చూపించింది.

సైకిలు పోయిన రోజు హుంగే పదేపదే ఒకటే అంది: "తాళం పగలలే మేడమ్. పగిలితే ముక్కలన్న ఉండాలె గద." ఆ మాట ఎవరూ వినలేదు. సునీల్‌కుమార్ సెక్యూరిటీ ఆఫీసులో "గార్డ్ కీ లాపర్వాహీ హై" అని, తప్పంతా గార్డు నిర్లక్ష్యానిదేనని గట్టిగా అరిచి, హిందీలో తనే ఫిర్యాదు రాసి, కరుణశ్రీ చేత సంతకం పెట్టించాడు. మూడో రోజుకల్లా కాంట్రాక్టరు హుంగేను తీసేశాడు. అప్పటి నుంచి కరుణశ్రీ సాయంత్రం ఐదింటికి లైబ్రరీ మూసి, గేటు పక్కన నిలబడి, డ్యూటీ దిగి భర్త ఎప్పుడొస్తే అప్పుడు బండెక్కేది.

సైకిలు పోయిన పదకొండో రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు లైబ్రరీలో ఉండగా, కిరందుల్ నుంచి ఆడపడుచు కల్యాణి ఫోన్ చేసింది.

"వదినా, ఇన్నాళ్ళూ థాంక్స్ కూడా చెప్పలేదు, ఏటీ అనుకోకు. పాపకి నీ సైకిలు బాగా అలవాటైపోయింది, స్కూలుకి అదే. నువ్వే ఇమ్మన్నావని అన్నయ్య చెప్పాడు. తాళంచెవి ఒకటే పంపాడు, రెండోది నీ దగ్గరుంటే పంపించవా?"

"పంపిస్తాను" అంది కరుణశ్రీ. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. కల్యాణి మీద కోపం రాలేదు. కోపం రావలసిన చోట కాసేపు ఏమీ లేదు. పుస్తకాల అర పట్టుకుని నిలబడింది. పదిరోజులూ ఇదే మనిషి పక్కన పడుకుంది. ఇదే మనిషి ఆమెను మతిమరుపుదని అన్నాడు, ఆమె నమ్మింది. తన కళ్ళనీ చేతుల్నీ కాదని అతన్ని నమ్మింది.

భర్తకు ఫోన్ చేసింది.

"కల్యాణి చెప్పింది."

అవతల రైలు కూత మీంచి అతను గొంతు పెంచాడు. "నీ మంచికే చేశాను కరుణా. ఆ రోడ్డు మీద నగర్‌నార్ ఫ్యాక్టరీ లారీలు ఎలా వస్తాయో చూశావు కదా. నీకేదైనా అయితే ఇల్లు ఎవరు చూస్తారు?"

"హుంగే ఉద్యోగం పోయింది."

"గార్డులకేటి, ఇంకోచోట దొరుకుతాది. సాయంత్రం మాటాడుకుందాం, గేటు దగ్గరుండు."

ఆమె సగం రోజు సెలవు రాసిచ్చి సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్ళింది. తెల్ల కాగితం అడిగి తీసుకుంది. సైకిలు తీసినది తన భర్త అనీ, గార్డు తప్పు లేదనీ, పాత ఫిర్యాదు అబద్ధమనీ తనకు వచ్చిన హిందీలో రాసింది. ఆఫీసరు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. "మేడమ్, యే తో ఘర్ కీ బాత్ హై. కాగితం చించేద్దాం, మీరు ఇంట్లో తేల్చుకోండి."

"ఇంటి మాటైతే బయట మనిషి కొలువెందుకు పోయింది సార్? ముద్ర వేసి నాకొక కాపీ ఇవ్వండి."

కాపీ తీసుకుని హుంగే ఉండే బస్తీకి నడిచింది. హుంగే గుమ్మంలో విప్పపూలు ఆరబోస్తోంది. కూర్చోమనలేదు. కరుణశ్రీ నిలబడే అంతా చెప్పింది, మధ్యలో ఆగకుండా, భర్త పేరు దాచకుండా. సంతకం పెట్టింది తనే అని కూడా చెప్పింది.

హుంగే కాగితం తిప్పి ముద్ర చూసింది.

"నా కొలువు వాపసొస్తదేమో. నీకేమొస్తది మేడమ్ వాపసు?"

కరుణశ్రీకి అత్త మాత్రలు, రేపటి క్యారియర్లు, భర్త పక్కన మంచం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"ఇంకా తెలీదు హుంగే," అంది. "ఈ సాయంత్రం ఆయన గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేనక్కడ ఉండను."