బూడిదరంగు పువ్వు

పట్టు ముక్కను పట్టకారుతో మూలకు మూల మడిచి, మళ్ళీ మడిచి, కొసన నొక్కి, గవరమ్మ దాన్ని బియ్యప్పిండి జిగురులో నిలబెట్టింది. ఒక రేక అయింది. ఇలాంటివి గుండ్రంగా చేరిస్తే పువ్వు, వెనక క్లిప్పు అంటిస్తే జడకు నగ. ఈ దీవిలో, వాళ్ళుండే బతు బస్తీలో అందరూ వాటిని జపాను పూలంటారు.

క్రిస్మస్‌కు చర్చిలో పాడే ఆడపిల్లల కోసం ఎర్రవీ తెల్లవీ కావాలని ప్రమోద మేడమ్ అడిగింది. మధ్యాహ్నానికల్లా ఇచ్చేయాలి. కాని గవరమ్మ మనసు వాటి మీద లేదు. పక్కింటి శేషమ్మ ఇవాళ మాయాబందర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇక తిరిగి రాదు. వెళ్ళేలోగా ఆవిడ ముడిలో ఒక్క పువ్వు పెట్టాలని గవరమ్మ పంతం.

శేషమ్మ గుమ్మంలో కూర్చుని వక్క నములుతోంది.

“జపానోలు ఎల్లిపోయి ఎన్నేల్లయిందే! నువ్వు మల్లీ తెచ్చి బస్తీలో ఎట్టావు.”

“ఆలు తుపాకులు తెచ్చారు పెద్దమ్మా. నాను పూలు తెచ్చాను.”

“మాయయ్యని కొట్టినోల పువ్వు నాకొద్దు. బస్, ఆ మాటింక ఎత్తకు.”

యుద్ధకాలంలో దీవిని ఏలిన జపానువాళ్ళ మీద కోపంతోనే పువ్వు వద్దంటోందని బస్తీ అంతా నమ్మింది. గవరమ్మ నమ్మలేదు. కొడుకు వచ్చినప్పుడల్లా అతని జపాను మోటారుసైకిలు వెనక దర్జాగా కూర్చుని బజారుకెళ్ళే మనిషి శేషమ్మ. చేపల వేటకెళ్ళిన మొగుడు తిరిగి రానప్పుడు ఆవిడ ఇంకా పడుచు. ఆనాటి నుంచి ఆ ముడి పువ్వు ఎరగదు. గవరమ్మ ఆ సంగతి ఎన్నడూ నోటితో అనలేదు.

పెళ్ళయి శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో వచ్చినప్పుడు, దారి పొడుగునా వాంతులు చేసుకుని జెట్టీ మీద కూలబడ్డ గవరమ్మను లేవదీసి చారన్నం తినిపించింది శేషమ్మే. ఆ తరవాత గవరమ్మ చేసినవన్నీ అందరూ చేసే పనులే. వలల చిరుగులు అల్లింది. పిల్లల్ని పెంచింది. టైలరు కొట్టుకు జాకెట్ల హుక్కులు కుట్టింది. అక్కడి గుడ్డముక్కలు పారేయడానికి చేతులు రాక, ఎదురింటి మంజు ఫోనులో చూసి ఈ మడతలు నేర్చుకుంది.

చినుకులు ఆగి ఎండ వచ్చింది. జిగురు తొందరగా ఆరాలని గవరమ్మ పూలన్నిటినీ పెరట్లో ఎత్తయిన తడిక మీద పరిచింది. అది మొగుడు పోలిరాజు చేపలెండబెట్టే తడిక. కాసేపటికి పెరట్లోంచి అతని నవ్వు వినిపించింది.

“ఏమేవ్! నీ సరుక్కి బేరం తగిలింది, ఇలారా!”

తడిక చుట్టూ పిల్లులు. ఓ పిల్లి ఎర్రపువ్వును పాదంతో తడుతోంది. గవరమ్మ దాన్ని తరిమి, పువ్వు తీసి వాసన చూసింది.

“ఓలమ్మో! కవళ్ళ చేపల కంపు! ఇయ్యెట్టుకుని ఆ గుంటలు ఏసు పాటలెలా పాడతారు?”

పక్కింటి గుమ్మంలోంచి వింటున్న శేషమ్మ నవ్వితే వక్క పొలమారింది. తేరుకుని లేచి, “గంప బోర్లించు. సాంబ్రాణెయ్యి. తలంటు జుట్టుకి ఎయ్యమా ఏటి?” అంది.

బోర్లించిన గంప మీద పూలు పరిచి, కింద పొగ పెట్టి, ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. అప్పుడు గవరమ్మ కొంగు ముడి విప్పి ఇంకో పువ్వు తీసింది. బూడిదరంగుది.

“ఇది పువ్వు కాదు పెద్దమ్మా. జాకెట్టు ముక్క, జిగురు, క్లిప్పు. అంతే.”

“మరి పువ్వని ఎందుకంటన్నావు?”

“ఏదో ఒకటి అనాల కదా.”

శేషమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నెరిసిన జుట్టులో కనపడకూడదని ఈ రంగు ఏరావు. దొంగదానా!” అని మొహం తిప్పుకుంది. “పల్లెంలో ఎట్టు.”

గవరమ్మ ఇంట్లోకెళ్ళి దాన్ని పల్లెంలో పెట్టింది. మిగతా పూలు సర్దుకుని చర్చికి బయల్దేరింది.

చర్చి దగ్గర ప్రమోద మేడమ్ ఒక పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “అరే దీదీ, సెంటు కూడా కొట్టావా? క్యా ఖుష్బూ!”

“ఊరికే అచ్చింది మేడం,” అని గవరమ్మ బయటికొచ్చి, దారంతా తనలో తను నవ్వుకుంటూ నడిచింది. ఈ మాట శేషమ్మకు చెప్పాలని అడుగు పెంచింది.

పక్కింటి తలుపుకు తాళం ఉంది.

“జార్వా అడివి దాటాలి కదా, జీపులన్నీ గుంపుగా ఎల్లీ ఆఖరి కాన్వాయ్ తప్పిపోద్దని కొడుకు బేగి అచ్చేశాడు,” అన్నాడు పోలిరాజు. “నీకోసం సూసి సూసి ఎక్కింది.”

“ఏమన్నా అందా?”

“ఏటీ అన్నేదు. మనింట్లోకెల్లి అచ్చి, నెత్తి మీంచి కొంగు ముక్కుదాకా లాక్కుంది. జీపెక్కీదాకా దించితే ఒట్టు. ఎండా నేదు, వానా నేదు, ఏటో మరి!”

గవరమ్మ లోపలికి నడిచింది.

పల్లెంలో పువ్వు లేదు. దాని చోట ఒక ఇనప తలపిన్ను ఉంది. పాతది, కొసలు అరిగింది. దాని వంపులో పొడుగాటి తెల్లవెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.